స్కైడైవింగ్ పారాచూట్లు, నేలకు దిగే పద్ధతులు: ఒక చరిత్ర

విమానం నుంచి దూకి, కొంతసేపు గాలిలో పడి, ఆ తర్వాత పారాచూట్ విప్పుకొని నేలకు దిగే క్రీడ స్కైడైవింగ్. మామూలుగా 4,000 మీటర్ల ఎత్తున దూకుతారు. బోర్లా పడుకున్న భంగిమలో మనిషి గంటకు 190 కిలోమీటర్లకు అటూ ఇటూగా వేగం అందుకుంటాడు. నిమిషం సేపు అలా పడ్డాక గొడుగు విప్పుతాడు. దాదాపు రెండు వందల ఏళ్లపాటు ఈ విద్యలో అందరినీ వేధించిన ప్రశ్న గొడుగు తెరుచుకుంటుందా లేదా అన్నదే. ఇరవయ్యో శతాబ్దం చివరి పాతికేళ్లలో ఆ ప్రశ్నకు నమ్మదగిన జవాబు దొరికింది. దాంతో ప్రమాదం పోలేదు, నేలకు దగ్గరగా జరిగింది. చక్కగా తెరుచుకున్న గొడుగు కిందే, ఆఖరి వంద మీటర్లలో గాయపడేవాళ్లు, చనిపోయేవాళ్లు నేడు ఎక్కువగా కనిపిస్తారు. అందుకే ఈ సాధనాల చరిత్రను, దిగే పద్ధతుల చరిత్రను విడివిడిగా చెప్పడం కుదరదు.

బెలూన్ల కాలం

గొడుగు లాంటి సాధనంతో కిందికి దిగవచ్చన్న ఊహ పాతది. లియొనార్డో డావిన్సీ 1480ల నాటి కాగితాల్లో పిరమిడ్ ఆకారపు గుడ్డ గూడారం బొమ్మ ఉంది. ఫ్రాన్సులోని మాంపెలియేలో 1783లో లూయీ సెబాస్తియన్ లెనోర్మా వేధశాల బురుజు మీంచి చట్రం బిగించిన గొడుగుతో దిగి చూపించాడు. చట్రం లేని పట్టు గొడుగుతో ఎత్తు నుంచి దిగిన తొలి మనిషి మాత్రం ఆంద్రే జాక్ గార్నెరా. 1797 అక్టోబర్ 22న పారిస్‌లోని మోన్సో ఉద్యానంలో హైడ్రోజన్ బెలూన్ కింద బుట్టలో నిలబడి పైకి వెళ్లాడు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో తాడు కోసేశాడు.

గొడుగు విచ్చుకుంది కానీ బుట్ట భయంకరంగా ఊగింది. గుడ్డ కింద పోగుపడ్డ గాలికి పైకి పోయే దారి లేక, ఒకసారి ఈ అంచు నుంచి, మరొకసారి ఆ అంచు నుంచి తప్పించుకుపోవడమే ఆ ఊపుకు కారణం. గార్నెరా బతికి బయటపడ్డాడు. తర్వాతి గొడుగులకు నడినెత్తిన చిన్న రంధ్రం పెట్టారు. గాలి అక్కడి నుంచి నిలకడగా పోతుండటంతో ఊపు తగ్గింది. దిగేవాడి క్షేమం కోసం జరిగిన మొదటి ముఖ్యమైన మార్పు అదే. గుండ్రటి పారాచూట్లకు ఆ రంధ్రం ఈనాటికీ ఉంది.

అదే ఊపును మరోలా ఆపాలని చూసినవాడు ఇంగ్లండు చిత్రకారుడు రాబర్ట్ కాకింగ్. గొడుగును తలకిందులు చేసి, శంఖువు మొన కిందికి ఉండేలా కడితే ఊగదని వాదించాడు. ఆ వాదనలో తప్పులేదు. కానీ ఆ నిర్మాణం వంద కిలోలకు పైగా తూగింది, దాని చట్రం అందుకు తగ్గ గట్టిగా లేదు. 1837 జులైలో లండన్ మీద బెలూన్ నుంచి విడివడగానే అది విరిగిపోయి కాకింగ్ చనిపోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇంగ్లండులో పారాచూట్ అంటేనే జనం భయపడ్డారు.

వీపున సంచి

బెలూన్ కింద వేలాడదీసిన గొడుగు ముందే సగం విచ్చుకొని ఉంటుంది. విమానంలో ఆ వీలు లేదు. గొడుగు మడతపడి మనిషి ఒంటి మీదే ఉండాలి, కావలసిన క్షణంలో చిక్కుపడకుండా బయటికి రావాలి. జర్మనీ బెలూన్ విన్యాసకారిణి కేటె పౌలుస్ మడత పెట్టి సంచిలో ఉంచే పారాచూట్లు కుట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యపు బెలూన్ పరిశీలకులు ఆమె తయారుచేసినవే వాడారు. రష్యాలో గ్లెబ్ కోతెల్నికోవ్, 1910లో ఒక పైలట్ విమానం నుంచి పడి చనిపోవడం కళ్లారా చూసి, మరుసటి ఏడాదికి వీపున తగిలించుకునే పారాచూట్ రూపొందించాడు. అమెరికాలో ఆల్బర్ట్ బెర్రీ 1912 మార్చిలో కదిలే విమానం నుంచి దూకాడు.

వీటిలో ఎక్కువ భాగం విమానానికి కట్టిన తాడు లాగితే తెరుచుకునేవి. దూకినవాడి ప్రమేయం లేకుండా గొడుగు విచ్చుకునే ఈ పద్ధతినే స్టాటిక్ లైన్ అంటారు. దీన్ని దాటి వెళ్లింది టైనీ బ్రాడ్‌విక్ అన్న యువతి. పదిహేనో ఏట నుంచే బెలూన్ల మీంచి దూకుతూ వచ్చిన ఆమె, 1914లో శాన్ డియేగోలో సైన్యానికి ప్రదర్శన ఇస్తుండగా ఆ తాడు విమానం తోకకు చిక్కుకుంది. ఎలాగో బయటపడి, మళ్లీ దూకినప్పుడు తాడు చాలావరకు కత్తిరించేసి, పడుతూ పడుతూ మిగిలిన ముక్కను తానే చేత్తో లాగింది. దూకినవాళ్లే లాగి గొడుగు తెరుచుకునే రిప్‌కార్డ్ ఆలోచనకు ఇది ఆరంభం. 

మనిషి అంత వేగంగా పడుతూ స్పృహ నిలుపుకోలేడని అప్పట్లో వైద్యులు, పైలట్లు చాలామంది నమ్మేవారు. 1919 ఏప్రిల్ 28న ఒహాయో రాష్ట్రంలోని మెకూక్ ఫీల్డ్‌లో లెస్లీ ఇర్విన్ విమానం నుంచి దూకి, కొంత దూరం పడి, రిప్‌కార్డ్ లాగి ఆ నమ్మకాన్ని చెరిపేశాడు. గొడుగు అనుకున్నట్టే తెరుచుకుంది. ఇర్విన్ చీలమండ మాత్రం నేలను తాకినప్పుడు విరిగింది. ఎలా దిగాలో అప్పటికి ఎవరూ ఎవరికీ నేర్పలేదు. 1922లో అమెరికా సైనిక పైలట్ హెరాల్డ్ హారిస్, విమానం గాలిలోనే విరిగిపోతుంటే ఇలాంటి పారాచూట్‌తో ప్రాణం దక్కించుకున్నాడు. పారాచూట్ వల్ల బతికినవాళ్లకు సభ్యత్వమిచ్చే క్యాటర్‌పిల్లర్ క్లబ్ ఆ ఏడే మొదలైంది.

పడటం నేర్చుకున్న సైనికులు

సైనికులు వాడే గుండ్రటి పారాచూట్ సెకనుకు ఆరేడు మీటర్ల వేగంతో దించుతుంది. రెండు మీటర్ల ఎత్తు నుంచి దూకినవాడు నేలను తాకే వేగమూ అంతే. ఒక్కసారికి పెద్ద కష్టం కాదనిపిస్తుంది. కానీ వీపున బరువు, పక్క గాలి, చీకటి, రాళ్లు కలిస్తే కాళ్లు విరగడానికి ఆ వేగం చాలు. రెండో ప్రపంచయుద్ధంలో వేలమందిని దింపాల్సి వచ్చినప్పుడు దిగడాన్ని ఒక విద్యగా నేర్పక తప్పలేదు.

ఎలా దిగాలన్నది పట్టీల అమరికే నిర్ణయించేది. జర్మన్ల ఆర్‌జడ్ పారాచూట్ మనిషిని వీపు వెనక ఒక్క చోటే పట్టి వేలాడదీసేది. దాంతో సైనికుడు ముందుకు వాలి, చేతులూ మోకాళ్ల మీద పడి దొర్లాల్సి వచ్చేది. అందుకే వాళ్లకు మోకాళ్లకు దళసరి తొడుగులు ఇచ్చేవారు. బ్రిటిష్ ఎక్స్-టైప్‌లో పట్టీలు రెండు భుజాల మీదుగా పైకి వెళ్లడంతో మనిషి నిటారుగా వేలాడేవాడు, పక్కకు దొర్లగలిగేవాడు. మాంచెస్టర్ దగ్గరి రింగ్‌వే శిక్షణ కేంద్రంలో సాధన చేయించిన ఈ పక్కదొర్లుడే పీఎల్‌ఎఫ్ (పారాచూట్ ల్యాండింగ్ ఫాల్) పేరుతో ప్రపంచమంతా పాకింది.

పీఎల్‌ఎఫ్‌లో పాదాలు, మోకాళ్లు ఒకదానికొకటి ఆనించి ఉంచాలి. మోకాళ్లు కొద్దిగా వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి. పాదాల ముందుభాగం నేలకు తగలగానే ఒంటిని ఒక పక్కకు వదిలెయ్యాలి. పిక్క, తొడ, పిరుదు, వీపు పక్కభాగం వరసగా నేలను తాకుతాయి. చీలమండ ఒక్కటే భరించాల్సిన దెబ్బ ఒంటి పొడవునా పంచుకుపోతుంది. చేతులు చాచి నేలను ఆపాలనుకున్నవాళ్లకు మణికట్టు, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడాలనుకున్నవాళ్లకు మోకాలు దెబ్బతింటాయి. చూడటానికి సులువు, శరీరానికి అలవాటు కావడానికి మాత్రం ఎత్తుపలక మీంచి పదే పదే దూకాలి.

భారత సైన్యంలో ఈ శిక్షణ 1941లో 50వ పారాచూట్ బ్రిగేడ్‌తో మొదలైంది. తొలిసారి దూకిన భారతీయుల్లో వైద్యాధికారి ఏ.జి. రంగరాజ్ ఒకరు. ఆయనే తర్వాత కొరియా యుద్ధంలో 60వ పారా ఫీల్డ్ ఆంబులెన్స్‌కు నాయకత్వం వహించారు. కాన్పూరులో పారాచూట్ కర్మాగారం పెట్టిందీ 1941లోనే. జపాన్‌తో యుద్ధం వల్ల పట్టు దిగుమతి ఆగిపోయింది. 1942 జూన్‌లో అమెరికాలో అడలిన్ గ్రే నైలాన్ పారాచూట్‌తో దూకడంతో ఆ కొరతకు విరుగుడు దొరికింది. బర్మా రంగంలో సరుకులు దింపే పారాచూట్లు చాలక బ్రిటిష్ సేనాని జనరల్ స్లిమ్ కలకత్తా మిల్లుల చేత జనపనారతో నేయించి వాడించాడు. మనుషులకు కాకపోయినా బియ్యానికీ తూటాలకూ అవి బాగానే పనికొచ్చాయి. స్వాతంత్ర్యం తర్వాత ఈ శిక్షణకు ఆగ్రా కేంద్రమైంది. 1959లో వైమానిక దళ వైద్యురాలు గీతా చందా అక్కడ శిక్షణ పొంది భారతదేశపు తొలి మహిళా పారాట్రూపర్ అయ్యారు.

గొడుగు రెక్కగా మారడం

యుద్ధం ముగిశాక మిగిలిన సైనిక పారాచూట్లు చవగ్గా దొరికాయి. ఫ్రాన్సులో లియో వాలంటీన్ పడుతున్నప్పుడు శరీరాన్ని నిలకడగా ఉంచే భంగిమను సాధించాడు. 1951లో యుగోస్లావియాలోని బ్లెడ్‌లో తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. గుర్తుకు ఎంత దగ్గరగా దిగారన్నదే వాటిలో ముఖ్యం. గుండ్రటి గొడుగు గాలి ఎటు తోస్తే అటు పోతుంది కాబట్టి, దాని వెనక భాగంలో చీలికలు పెట్టి ముందుకు నడిపించే ప్రయత్నాలు జరిగాయి. 1960ల్లో పియెర్ లెమ్వాన్యే రూపకల్పన నుంచి వచ్చిన పారా-కమాండర్ వాటిలో మేటి.

అసలు మలుపు తిప్పినవాడు గాలిపటాలు, బెలూన్లు తయారుచేసే డొమినా జాల్బెర్ట్. ఆయన పారాఫాయిల్‌కు 1966లో పేటెంటు వచ్చింది. రెండు పొరల గుడ్డను నిలువు గోడలతో అరలుగా కుట్టి, ముందువైపు తెరిచి, వెనకవైపు మూసేస్తారు. ఎదురుగాలి దూరి దిండు గలీబులా ఉబ్బగానే అది విమానపు రెక్క ఆకారం తీసుకుంటుంది. అప్పటిదాకా పారాచూట్ పని పడే వేగాన్ని ఆపడమే. ఇది ఎగురుతుంది. కావలసిన వైపు తిరుగుతుంది, ముందుకు సాగుతుంది, ఆఖర్లో బ్రేకు వేస్తే మెత్తగా నిలబెడుతుంది.

ఒకటే చిక్కు. ఈ రెక్క ఒక్కసారిగా విచ్చుకునేసరికి ఆ కుదుపుకు గుడ్డ చిరిగేది, మనిషి ఒళ్లు హూనమయ్యేది. నాలుగు మూలల రింగుల గుండా తాళ్లు పోయే చిన్న గుడ్డముక్క, స్లైడర్, దీన్ని పరిష్కరించింది. అది మొదట తాళ్ల పైకొసన, గొడుగుకు ఆనుకొని ఉండి విచ్చుకోకుండా పట్టి ఉంచుతుంది, తర్వాత గాలి ఒత్తిడికి ఎదురొడ్డుతూ మెల్లగా కిందికి జారుతుంది. అంత చిన్న గుడ్డముక్క లేకపోతే ఈ రెక్క గొడుగు క్రీడలో నిలిచేదే కాదు.

మరో రెండు సాధనాలు తెరుచుకోని గొడుగు భయాన్ని చాలావరకు తీర్చాయి. మొదటిది 1970ల్లో బిల్ బూత్ రూపొందించిన మూడు రింగుల విడుదల. పెద్ద రింగు, దాని గుండా మధ్య రింగు, దాని గుండా చిన్న రింగు, చివర సన్నటి దారపు లూపు ఉంటాయి. ఒక్కో రింగు దగ్గర భారం తగ్గుతూ వచ్చి, లూపు మీద పడేది కొద్దిపాటి బలమే. ఛాతీ దగ్గరి పిడిని ఒక్కసారి లాగితే మెయిన్ అనే ప్రధాన గొడుగు రెండు భుజాల దగ్గరా ఒకేసారి విడివడుతుంది. చిక్కుపడ్డ మెయిన్‌ను వదిలించుకొని రిజర్వ్ అనే అదనపు గొడుగు తెరవడం అప్పటిదాకా రెండు చేతుల కుస్తీ. రెండోది జర్మనీలో హెల్ముట్ క్లోట్ తయారుచేసి 1991లో విడుదల చేసిన సైప్రెస్. మనిషి స్పృహ తప్పినా, ఎత్తు మరిచిపోయినా, సుమారు 225 మీటర్ల ఎత్తులో ఇంకా సెకనుకు 35 మీటర్లకు మించిన వేగంతో పడుతున్నట్టు గుర్తిస్తే అది రిజర్వ్ సంచి లూపును కోసేస్తుంది. రిజర్వ్‌ను మడిచే పనిని అమెరికా నియమాలు లైసెన్సు ఉన్న రిగ్గర్‌కే అప్పగించాయి. వాడినా వాడకపోయినా 180 రోజులకోసారి విప్పి, పరీక్షించి, మళ్లీ మడవాలి.

తెరుచుకున్న గొడుగు కింద

అమెరికాలో 1970ల్లో ఏడాదికి సగటున నలభైమందికి పైగా స్కైడైవింగ్‌లో చనిపోయేవారు. 2023లో సుమారు 36 లక్షల దూకుళ్లకు పదిమంది మరణించారు. సాధనాలు సాధించింది తక్కువ కాదు. అయితే సాధనం ఎంత భద్రమైతే మనుషులు అంతగా సాహసం పెంచుకుంటారని బిల్ బూత్ తరచూ హెచ్చరించేవాడు. ఆయన భయం ఎక్కువగా నిజమైంది నేల దగ్గరే. చిన్న గొడుగు చురుగ్గా తిరుగుతుంది, వేగంగా పోతుంది. మనిషి, సామాను కలిపి ఎన్ని పౌండ్లో, దాన్ని గొడుగు వైశాల్యపు చదరపు అడుగులతో భాగిస్తే వచ్చే సంఖ్యను వింగ్ లోడింగ్ అంటారు. కొత్తవాళ్లకు అది ఒకటి దాటకూడదు. పోటీల్లో నేలకు అంగుళాల ఎత్తున దూసుకుపోయేవాళ్లు రెండు దాటించి ఎగురుతారు. వాళ్లను చూసి, అంత అనుభవం లేకుండానే గొడుగు మార్చేవాళ్లు ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు.

ప్రాణాంతకమైన తప్పుల్లో తక్కువ ఎత్తులో మలుపు ముందుంటుంది. రెండు చేతుల్లోని బ్రేకు పిడుల్లో ఒకదాన్ని గట్టిగా లాగితే గొడుగు ఆ పక్కకు ఒరిగి ముక్కు దించుతుంది. మనిషి వెలుపలికి ఊగుతాడు, దిగే వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. మళ్లీ గొడుగు నెత్తి మీదికి రావడానికి పదుల మీటర్ల ఎత్తు కావాలి. అది లేకపోతే అదే వేగంతో నేలను తాకుతాడు. ఎదురుగాలికి దిగాలన్న తాపత్రయంతోనో, చివరి క్షణంలో కనబడ్డ కంచెను తప్పించాలనో చాలామంది ఈ మలుపు తిప్పుతారు. గాలి వాలుకే దిగినా ఫర్వాలేదు, ఒరిగిన గొడుగుతో మాత్రం దిగకూడదు.

ఈ మలుపు అవసరమే రాకుండా చేసేది ల్యాండింగ్ ప్యాటర్న్. 300 మీటర్ల ఎత్తు దగ్గర గాలి వాలుకు సాగి, 200 మీటర్ల దగ్గర అడ్డంగా తిరిగి, 100 మీటర్ల దగ్గర ఎదురుగాలికి నిలవాలి. ఎత్తుకొలతలు కొత్తవాళ్లకు పెంచుతారు. అందరూ ఒకే వైపు తిరుగుతారు, కింద ఉన్నవాడికే దారి. నేల మూడు నాలుగు మీటర్లు ఉందనగా రెండు పిడులూ సమంగా కిందికి లాగడమే ఫ్లేర్. చూపు కాళ్ల కింద కాక ముందువైపు నేల మీద ఉండాలి. తొందరపడి ఎత్తులో లాగేస్తే పిడులు ఒక్కసారిగా వదలకూడదు, వదిలితే గొడుగు ముందుకు దూకి మనిషిని నేలకేసి కొడుతుంది. లాగిన చోటే ఆపి, ఆఖరికి మిగిలింది లాగి, పీఎల్‌ఎఫ్‌కు సిద్ధపడాలి. అమెరికా పారాచూట్ సంఘం తన విద్యార్థులకు గొడుగు సమంగా ఉండటాన్ని అన్నిటికన్నా ముందు పెట్టింది. ఖాళీ స్థలం, సగమైనా ఫ్లేర్, పీఎల్‌ఎఫ్ ఆ తర్వాత వస్తాయి.

భారతదేశంలో పౌరుల్లో ఈ క్రీడకు దారి వేసినవారిలో రేచల్ థామస్ ముందుంటారు. 1979లో ఆగ్రాలో తొలిసారి దూకిన ఆమె 2002లో ఉత్తర ధ్రువం మీద దూకారు. నేడు తెలుగువాళ్లలో ఈ అనుభవం పొందేవారిలో చాలామంది దుబాయిలోనో, అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో శిక్షకుడి ఒంటికి కట్టుకొని టాండెమ్ పద్ధతిలో దూకుతారు. 1980ల్లో బిల్ బూత్, టెడ్ స్ట్రాంగ్ రూపొందించిన ఈ పద్ధతిలో ఇద్దరి బరువుకు వేగం పెరగకుండా డ్రోగ్ అనే చిన్న గొడుగు వెనక నుంచి లాగి పట్టుకుంటుంది. దిగేటప్పుడు ప్రయాణికుడి పని ఒకటే. శిక్షకుడు చెప్పగానే మోకాళ్లు పైకెత్తి, పాదాలు ముందుకు చాచి అలాగే ఉంచాలి. అప్పుడు శిక్షకుడు నిలబడి దిగగలడు, లేదా ఇద్దరూ కూర్చున్నట్టే గడ్డి మీద జారతారు. ముందే పాదాలు కిందికి దింపితే ఇద్దరి బరువూ ఆ చీలమండల మీదే పడుతుంది. విమానం ఎక్కకముందు నేల మీద ఈ భంగిమను ప్రయాణికుడి చేత శిక్షకుడు చేయించి చూస్తాడు.