న్యాయపీఠంపై ఫిర్యాదు: కూఫా, ఫుస్తాత్, డమాస్కస్



తీర్పు చెప్పే ఆసనంపై కూర్చున్న వ్యక్తిపై ఫిర్యాదు చేయడం షరీఅత్ పట్ల అవిధేయత అవుతుందేమోనని మనలో కొందరు సంకోచిస్తారు. మరికొందరు తమకు వ్యతిరేకంగా తీర్పు వెలువడిన మరుక్షణమే న్యాయమూర్తి లంచగొండి అని వీధిలో చాటుతారు. ఈ రెండు వైఖరులనూ చరిత్ర వెలుగులో పరిశీలించాలని ఈ వారం మేము సంకల్పించాము. సత్యమెరిగి దాని ప్రకారం తీర్పు చెప్పినవాడే స్వర్గానికి అర్హుడని, తెలిసి అన్యాయం చేసినవాడూ, ఏమీ తెలియకుండానే తీర్పు చెప్పినవాడూ నరకానికి పోతారని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించిన విషయం మీకు విదితమే. ఇంతటి హెచ్చరిక ముడిపడి ఉన్న పదవి విచారణకు అతీతమని మన పూర్వికులు భావించలేదు.

కూఫా నగరం హిజ్రీ 17లో, అనగా క్రీ.శ. 638లో వెలసింది. దానిని స్థాపించినవారు, దాని పాలకులు హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజియల్లాహు అన్హు). వారు ఖాదిసియ్యా విజేత, స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరు. అయినప్పటికీ కూఫా ప్రజలు వారిపై ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) వద్దకు ఫిర్యాదులు పంపారు. నమాజు కూడా సరిగా చేయించడం లేదన్నంత దూరం ఆ ఫిర్యాదులు పోయాయి. ఖలీఫా వారిని పదవి నుంచి తప్పించారు. మదీనాకు పిలిపించి స్వయంగా వివరణ అడిగారు. వారి సమాధానం విని, మీపై మా అభిప్రాయమూ అదేనని అన్నారు. విషయం అక్కడితో ముగియలేదు. తమ మనిషిని కూఫాకు పంపి, ఒక్క మస్జిదును కూడా విడువకుండా ప్రజలను విచారింపజేశారు.

సోదరులారా, ఈ పద్ధతిని గమనించండి. ఫిర్యాదుదారు రాజధానికి నడిచి రావాలని ఖలీఫా ఎదురుచూడలేదు. విచారణయే ప్రజల గుమ్మం వద్దకు వెళ్ళింది. ప్రతి మస్జిదులోనూ ప్రజలు సఅద్ (రజి)ను ప్రశంసించారు. బనూ అబ్స్ తెగవారి మస్జిదులో మాత్రం ఉసామా బిన్ ఖతాదా అనే వ్యక్తి లేచి మూడు ఆరోపణలు చేశాడు: ఈయన సైన్యంతో కలిసి వెళ్ళడు, సొమ్ము సమానంగా పంచడు, తీర్పులలో న్యాయం పాటించడు. ఆ కాలంలో ప్రాంతపాలకుడు వ్యాజ్యాలు కూడా తీర్చేవాడు కనుక మూడవ ఆరోపణ నేరుగా మన అంశానికి చెందినది. సఅద్ (రజి) అతడిని శిక్షించమని కోరలేదు. ఇతడు అబద్ధమాడుతూ కేవలం పేరు కోసం నిలబడి ఉంటే, ఇతని ఆయుష్షును, పేదరికాన్ని పొడిగించి, పరీక్షలకు గురిచేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ మనిషి కనుబొమలు కళ్ళమీదికి వాలేంత ముదుసలియై, తనకు సఅద్ శాపం తగిలిందని చెప్పుకుంటూ తిరిగేవాడని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి.

మరణశయ్యపై హజ్రత్ ఉమర్ (రజి) తదుపరి ఖలీఫాను ఎన్నుకోవడానికి నియమించిన ఆరుగురిలో సఅద్ (రజి) కూడా ఉన్నారు. అసమర్థత వల్లనో, ద్రోహం వల్లనో తాను ఆయనను తొలగించలేదని ఖలీఫా ఆ సందర్భంలో స్పష్టం చేశారు. ప్రజల నమ్మకం చెదిరినప్పుడు అధికారిని మార్చారు. నిరూపణ కాని నింద మాత్రం ఆయన మెడకు వేలాడనివ్వలేదు. మా దృష్టిలో ఈ రెండవ పని మొదటిదానికంటే కష్టమైనది.

ఫుస్తాత్ కథ ఇంత సంతృప్తికరమైనది కాదు. ఈజిప్టు ఖాజీల చరిత్రను అల్ కిందీ రాశాడు, ఆయన క్రీ.శ. 961లో మరణించాడు. ఖాజీల సద్గుణాలతో పాటు వారిపై జనం చెప్పుకున్నవి కూడా ఆయన దాచలేదు. హారూన్ రషీద్ కాలంలో, క్రీ.శ. 801లో, అబ్దుర్రహ్మాన్ అల్ ఉమరీ అక్కడ ఖాజీ అయ్యాడు. సాక్షుల పేర్లను పుస్తకంలోకి ఎక్కించిన ఘనత ఆయనదే. కానీ స్థానిక ఖిబ్తీ వంశానికి చెందిన కొందరు తమను అరబ్బులుగా నమోదు చేయించుకోవడానికి ఆయనకు సొమ్ము ముట్టజెప్పారని, ఆయన వారికి పత్రం రాసిచ్చాడని నగరం భగ్గుమన్నది. కవులు హేళన పద్యాలు కట్టారు. ఈజిప్టు ప్రతినిధులు ఖలీఫా వద్దకు వెళ్ళి మొరపెట్టుకున్నారు. హారూన్ దస్తావేజులు తిప్పించి, తన ఖాజీలలో ఉమర్ బిన్ ఖత్తాబ్ (రజి) సంతతివాడు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడని, ఇతడొక్కడేనని తేలగా తొలగించడానికి నిరాకరించాడని అల్ కిందీ కథనం. ఏ ఖలీఫా అయితే మస్జిదు మస్జిదుకూ మనిషిని పంపి విచారించారో, ఆయన వంశనామమే ఇక్కడ విచారణకు అడ్డుగోడ అయింది! హారూన్ మరణించిన తరువాత, 810లో గానీ ఆ ఖాజీ పదవి దిగలేదు. అనంతరం వచ్చిన ఖాజీ అల్ బక్రీ ఆ పత్రాన్ని రద్దు చేశాడు.

లంచం ఒక్కటే న్యాయపీఠానికి తెగులు కాదు; భయం కూడా తెగులే. డమాస్కస్‌లో సేనాధిపతులు, ముఖ్యంగా షీర్కూహ్, ఇరుగుపొరుగుల ఆస్తులను ఆక్రమించుకున్నప్పుడు ఖాజీ కమాలుద్దీన్ షహ్రజూరీ ఇతరుల మీద తీర్పు చెప్పగలిగాడు గానీ, షీర్కూహ్ విషయంలో ధైర్యం చేయలేకపోయాడు. అది తెలిసిన సుల్తాన్ నూరుద్దీన్ జంగీ సుమారు 1163లో దారుల్ అద్ల్ అనే న్యాయగృహాన్ని కట్టించి, వారానికి రెండు రోజులు ఖాజీతో పాటు తానే అక్కడ కూర్చున్నాడు. ఈ భవనం నాకోసమే కడుతున్నారని షీర్కూహ్ గ్రహించాడు. నా సర్వస్వం పోయినా సరే, బాధితులందరితో రాజీ కుదుర్చుకోండని తన గుమాస్తాలను ఆదేశించాడు. తరువాత అతనిపై ఒక్క అర్జీ కూడా రాలేదని ఇబ్నుల్ అసీర్ రాశాడు.

ఇక మన ప్రాంతానికి వద్దాము. 1864 చట్టంతో ఆంగ్ల ప్రభుత్వం ఖాజీలను న్యాయవ్యవస్థ నుంచి తొలగించింది. 1880 ఖాజీల చట్టం మొదట అమలైనది మద్రాసు రాజధానిలోనే. అందులో కోస్తా జిల్లాలు, రాయలసీమ ఉండేవి. ఆ చట్టం ఖాజీకి తీర్పు చెప్పే అధికారం ఇవ్వదు. నికాహ్‌కు అతడు తప్పనిసరిగా హాజరు కావాలని కూడా అనదు. విధి నిర్వహణలో దుష్ప్రవర్తనకు పాల్పడిన ఖాజీని తొలగించే అధికారం మాత్రం ప్రభుత్వానికి ఉంది. వధువు వయస్సు దాచి, రుసుముకు ఆశపడి నికాహ్ రాసే ఖాజీ గురించి మా వద్ద నిట్టూర్చి వెళ్ళిపోయేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. జిల్లా, దిగువ కోర్టుల న్యాయమూర్తులపై నియంత్రణ రాజ్యాంగం 235వ అధికరణం ప్రకారం హైకోర్టుది. తీర్పు నచ్చకపోతే అప్పీలు. ప్రవర్తనపై అభ్యంతరముంటే హైకోర్టుకు అర్జీ. ఆ అర్జీలో తేదీ, కేసు సంఖ్య, కళ్ళారా చూసినవారి పేర్లు, మీ సంతకం ఉండాలి. అర్జీ రాయడం రానివారు జుమా నమాజు తరువాత మమ్మల్ని కలిస్తే, కూర్చుని రాసిపెడతాము.