ముఖపత్రమున లేని పేరు

1782వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన, లండను నగరమును చేరియున్న బాటర్సీలోని చర్చియందు ఒక పెండ్లి జరిగెను. వరుడు విలియం బ్లేక్. రాగిరేకులపై బొమ్మలు చెక్కి జీవించువాడు, కవి. వధువు కేథరీన్, కూరగాయల తోట పెంచుకొనువాని కూతురు. వివాహముల పట్టీలో వరుడు సంతకము చేసెను. వధువు సంతకమునకు మారుగా రెండు అడ్డగీటులు గీచెను.

ఆ గీటులు గీచిన చేయి తరువాత ఏమి చేసెనో విచారింపదగినది. బ్లేక్ భార్యకు చదువను, వ్రాయను నేర్పెను. బొమ్మలు గీయుటయు, అచ్చుపనియు నేర్పెను. ఆ కాలమున పుస్తకమనగా పలువురి పని. అక్షరములు కూర్చువాడొకడు, బొమ్మలు చెక్కువాడొకడు, వెల పెట్టి అమ్మువాడు వేరొకడు. బ్లేక్ ఈ పనులన్నిటిని తన యింటి కప్పు క్రిందికి తెచ్చెను. 1787లో మరణించిన తన తమ్ముడు రాబర్టు స్వప్నదర్శనమున ఈ క్రొత్త పద్ధతిని తెలిపెనని అతడు చెప్పుకొనెడివాడు. దానిని నమ్మినను నమ్మకున్నను, పద్ధతి మాత్రము నిజము.

ఆమ్లము తినలేని జిగురు ద్రవముతో రాగిరేకుపై పద్యమును, బొమ్మను కలిపియే వ్రాయవలెను. కాగితముపై సరిగా పడుటకై అక్షరములను తలక్రిందుగా కాక, కుడియెడమలు మార్చి, అద్దములో కనబడునట్లు వ్రాయవలెను. పిమ్మట ఆమ్లము పోసినచో ఖాళీ రాగిని అది తినివేయును. వ్రాత ఉబ్బెత్తుగా నిలుచును. దానికి సిరా అద్ది, చేతియంత్రమున కాగితముపై ఒత్తి, ఆరిన పుటకు నీటిరంగులు వేయుదురు. ఇట్లు 1789లో 'సాంగ్స్ ఆఫ్ ఇన్నొసెన్స్' వెలువడెను. దాని పుటలు అరచేతికంటె పెద్దవి కావు. 1793 నాటి ప్రకటనలో దాని వెల 5 షిల్లింగులు. 1794లో 'సాంగ్స్ ఆఫ్ ఎక్స్‌పీరియెన్స్' దానితో చేరి, రెండును ఒక్క పుస్తకమయ్యెను.

ఈ పనిలో కేథరీన్ భాగమెంత? ఆమె ముద్రలు తీసెననియు, రంగులు వేసెననియు, పుటలను కుట్టెననియు తొలి జీవితచరిత్రకారులు చెప్పుచున్నారు. ఏ రెండు ప్రతుల రంగులును ఒక్కతీరుగా నుండవు. వానిలో ఏది భర్త కుంచె, ఏది భార్య కుంచె యని పండితులు నేటికిని తేల్చలేకున్నారు. అయినను ముఖపత్రమున గ్రంథకర్తయు, ముద్రాపకుడును బ్లేక్ ఒక్కడే. గ్రంథకర్త యను మాట న్యాయమే. ముద్రాపకుడను మాట సగమే న్యాయము.

కవిత్వమును, చిత్రకల్పనయు భర్తవి గదా, రంగులద్దుట సహాయము మాత్రమే గదా యని కొందరందురు. కాని ఈ పుస్తకమున రంగు పైపూత కాదు. రంగు మారినచో పుట భావమే మారును. ఒక ప్రతిలో ఉదయముగా నున్నది వేరొక ప్రతిలో సంధ్య యగును. అట్టి నిర్ణయము చేయు చేతిని కూలిచేయి యనుట యెట్లు?

దూరదేశపు కథ యని మనము నిశ్చింతగా నుండరాదు. మన చేనేత యిండ్లలో కండెలు చుట్టునది, ఆసు పోయునది స్త్రీలే. బట్ట మాత్రము మగవాడు నేసిన దందురు. పరులను అననేల? ఎన్నియో యేండ్లు బ్లేక్ పద్యములను తరగతిలో బోధించిన నేను ఒక్కనాడును కేథరీన్ పేరెత్తలేదు. ఎత్తినప్పుడైనను, భార్యకు చదువు నేర్పిన భర్త యని అతనినే పొగడితిని. స్త్రీవిద్యను గోరు మనవంటివారికి కలుగు ప్రమాద మిదియే. నేర్పినవానిని కీర్తింతుము, నేర్చినది దానితో నేమి చేసెనో యడుగము.

1827లో భర్త గతించిన పిమ్మట ఆమె అతని చిత్రములను, పుస్తకములను అమ్ముకొనుచు 1831 వరకు జీవించెను. పెండ్లినాడు పేరు వ్రాయుట రాక గీటులు గీచెను. తరువాత వ్రాయుట వచ్చెను; కాని తాను ముద్రించిన పుటలో ఆ పేరునకు చోటు లేకపోయెను. మన యింటి ఆడుపిల్ల చేతికి పలక నిచ్చునాడు ఈ రెండవ సంగతిని గూడ తలచుకొందము.