బడి మూసిన 49 రోజులు

వేసవి సెలవులు దగ్గరకొస్తున్నాయి. ఆశ్రమ పాఠశాలల నుంచి మన తమ్ముళ్లు, చెల్లెళ్లు పెట్టెలు సర్దుకుని ఊళ్లకు వచ్చేస్తారు. వాళ్లు వచ్చే ముందు ఒక చరిత్ర మాట్లాడుకుందాం. బడి ఉన్న రోజు అన్నం పెట్టే సర్కారు, బడి మూసిన రోజు ఎందుకు పెట్టదు? ఎప్పుడైనా పెట్టిందా? పెట్టి ఉంటే మన ఇళ్లకు ఆ కబురు ఎందుకు రాలేదు?

2024లో, 2025లో మన రాష్ట్రంలో బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులిచ్చారు. లెక్కేస్తే 49 రోజులు. హాస్టల్లో మూడు పూటలా తిన్న పిల్లాడు ఆ 49 రోజులూ ఇంట్లో ఉన్నదే తినాలి. ఇంట్లో ఏముంటుంది? అమ్మానాన్న తెల్లారకముందే తునికాకుకో, కూలికో పోతారు. పిల్లలు రాత్రి మిగిలిన అన్నం తిని ఉంటారు, లేదా వాళ్ల వెంటే అడవికి పోతారు.

పూర్వం ఎండాకాలం ఎలా గడిచేది? అప్పుడు మన పెద్దలకు అడవే గాదె. పాపికొండల కొండరెడ్ల గురించి హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు ఆయన పుస్తకం రాశాడు, 1945లో అచ్చయింది. ఎండాకాలంలో జీలుగు చెట్టే వాళ్లకు ఎంత ఆధారమో అందులో ఉంది. జీలుగు కల్లు తాగడానికే కాదు, కడుపు నింపుకోడానికి కూడా. కల్లు లేకపోతే చెట్టు కొట్టి లోపలి గుజ్జు దంచి పిండి తీసేవాళ్లు. మామిడి టెంకల్లోని జీడిని చేదు పోయేదాకా నీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి, దంచి జావ కాచుకునేవాళ్లు. ఇప్పపువ్వు, తునికి పళ్లు, అడవి దుంపలు సరేసరి. మన కోయ గూడేల్లోనూ ఇదే కథ. ఇదంతా బంగారు కాలమని నేను చెప్పడం లేదు. టెంక జావ ఇష్టపడి తాగింది కాదు, గింజలు అయిపోయాక తాగింది. కానీ ఏదో ఒకటి ఉండేది, అడగాల్సిన పని లేకుండా ఉండేది.

పోలవరం డ్యాం పని మొదలయ్యాక దేవరగొంది, మామిడిగొంది లాంటి ఊళ్లు ముందే లేచిపోయాయి. పునరావాస కాలనీలో పక్కా ఇల్లు ఉంటుంది, కరెంటు ఉంటుంది, ఇప్పచెట్టు ఉండదు. నష్టపరిహారం లెక్కల్లో భూమికి ధర కట్టారు. పిల్లలు ఎండాకాలం తినే తిండికి ధర ఎవరూ కట్టలేదు.

ఇక సర్కారు అన్నం సంగతి. మద్రాసు కార్పొరేషన్ 1920లో, త్యాగరాయ చెట్టి అధ్యక్షుడుగా ఉన్నప్పుడు, ఒక బడిలో పిల్లలకు మధ్యాహ్నం తిండి మొదలుపెట్టింది. పోలవరం కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే, కానీ ఆ తిండి పట్నం దాటి రాలేదు. తర్వాత 1956లో కామరాజ్, 1982లో ఎంజీఆర్ తమిళనాడు అంతా పెట్టారు. కేంద్ర పథకం 1995 ఆగస్టు 15న వచ్చింది. చాలా చోట్ల అన్నం బదులు నెలకు 3 కిలోల గింజలు ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

మలుపు 2001లో వచ్చింది. గోదాముల్లో బియ్యం ముక్కిపోతుంటే ఊళ్లలో జనం ఆకలితో ఉన్నారని పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకెళ్లింది. ఆ ఏడాది నవంబర్ 28న కోర్టు, సర్కారు బడుల్లో వండిన భోజనమే పెట్టాలని ఆర్డరిచ్చింది: రోజుకు కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీన్, ఏడాదికి కనీసం 200 రోజులు. మన రాష్ట్రంలో వేడి అన్నం 2003 జనవరి నుంచి మొదలైంది. ఆ 200 అంకె దగ్గర ఒక్కసారి ఆగండి. మిగతా 165 రోజుల గురించి ఆ ఆర్డర్ మాట్లాడలేదు.

2004 ఏప్రిల్ 20న అదే కేసులో ఇంకో ఆర్డర్ వచ్చింది. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా మధ్యాహ్న భోజనం పెట్టాలని. వంట మనుషులుగా దళితులకు, ఆదివాసీలకు ముందు అవకాశం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. ఈ ఆర్డర్లు అమలవుతున్నాయో లేదో చూడ్డానికి 2002లో కోర్టు ఎన్.సి. సక్సేనాతో పాటు కమిషనర్‌గా పెట్టింది ఎవర్నో తెలుసా? మన ఎస్.ఆర్. శంకరన్ గారిని. వెట్టి చాకిరీ విముక్తి గురించి చదివినవాళ్లకు ఆ పేరు వేరే చెప్పక్కర్లేదు.

2016 మే 13న స్వరాజ్ అభియాన్ కేసులో జస్టిస్ లోకూర్, జస్టిస్ ఎన్.వి. రమణల బెంచ్ మళ్లీ అదే చెప్పింది. కరువు ప్రాంతాల్లో సెలవుల్లోనూ భోజనం పెట్టాలి, గుడ్డో పాలో కూడా ఇవ్వాలి, డబ్బుల్లేవని సాకు చెప్పొద్దు.

అంతా బాగానే ఉంది గానీ, చిక్కు ‘కరువు’ అనే మాటలో ఉంది. కరువు మండలం అని ప్రకటించాలంటే వాన తగ్గాలి, పంట పోవాలి. మన ఏజెన్సీలో వానకు కొదవేముంది, పక్కనే గోదావరి. మన ఎండాకాలం ఆకలి వానమాపకంలో కనపడదు. మన్యం పిల్లల్ని ఆ ఆర్డర్లు దాటిపోయింది అక్కడే అని నా అభిప్రాయం. 2013 ఆహార భద్రత చట్టం అయితే దాన్ని ఇంకా గట్టిగా రాసేసింది. బడి పిల్లలకు రోజూ ఉచిత భోజనం, ‘బడి సెలవు రోజులు తప్ప’ అని.

చూస్తే ఒక్క ఏడాది ఆ గీత చెరిగింది. 2020లో కరోనాకు బడులు మూసేస్తే, ఆ ఏప్రిల్‌లో కేంద్రం వేసవి సెలవులకు కూడా భోజనం ఇస్తామని ప్రకటించింది, అదనంగా 1600 కోట్లు అవుతుందని చెప్పింది. మన రాష్ట్రంలో బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకే చేర్చారు. అంటే బడి మూసినా తిండి చేర్చే దారి ఉందన్నమాట. అమెరికాలో 1968 నుంచే వేసవిలో పిల్లలు చేరే చోట, పార్కుల్లో, చర్చిల్లో, ఉచితంగా భోజనం పెట్టే పథకం ఉంది. అది కరువుని చూసి కాదు, ఆ ప్రాంతపు పేదరికాన్ని చూసి పెట్టేది. మనం అడగాల్సిన తేడా అదే.

ఇక కబురు సంగతి. 2001 ఆర్డర్‌లోనే కోర్టు ఒక మాట రాసింది. ఈ ఉత్తర్వును ప్రాంతీయ భాషల్లోకి అనువదించి ప్రతి గ్రామ పంచాయతీలో, సర్కారు బడిలో, రేషన్ షాపులో అతికించాలి, రేడియోలో, దూరదర్శన్‌లో చెప్పాలి అని. మీ ఊరి పంచాయతీ గోడమీద ఆ కాగితం చూసినవాళ్లు ఉంటే కామెంట్లో పెట్టండి. తెలుగులో అంటించినా కోయ మాత్రమే వచ్చిన అవ్వకు ఎవరో ఒకరు చదివి చెప్పాలి. అది ఆఫీసు పని, కానీ మన పని కూడా.

చదువుకున్నవాళ్లు ఈ సెలవుల్లో ఇంటింటికీ చెప్పాల్సింది ఒకటుంది. ఆరేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ తిండి విషయంలో ఆ చట్టంలో ‘సెలవు రోజులు తప్ప’ అన్న మాట లేదు. ఆరు నెలలు నిండిన బిడ్డ నుంచి హక్కే. ఎండలని సెంటర్ మూస్తే సరుకు ఇంటికి ఇవ్వమని అడగండి. పిల్లల్ని తీసుకుని వలస వెళ్లే ఇంటివాళ్లకు ముందే చెప్పండి, వెళ్లాక చెప్తే లాభం లేదు. ఆరు దాటిన వాళ్ల కోసం మాత్రం గ్రామసభలో తీర్మానం పెట్టించి కె.ఆర్.పురం ఐటీడీఏకు, రాష్ట్ర ఆహార కమిషన్‌కు పంపాలి. తీర్మానంలో కరువు అని రాయకండి. 49 రోజులు అని రాయండి, మీ ఊళ్లో ఎంతమంది పిల్లలున్నారో, సెలవుల్లో వాళ్లు పొద్దున ఏం తింటున్నారో రాయండి.