ఫిష్ టెస్టుకి కనపడేవీ, కనపడనివీ

మనిషి కణంలో క్రోమోజోములెన్ని అంటే ఇప్పుడు స్కూలు పిల్లలు కూడా 46 అంటారు. 1956 దాకా మాత్రం పుస్తకాల్లో 48 అనే ఉండేది! ఆ ఏడు స్వీడన్‌లోని లుండ్‌లో చియో, లెవాన్ అనే ఇద్దరు కణాల్ని ఉబ్బించి, క్రోమోజోముల్ని విడివిడిగా పరిచి, మళ్ళీ లెక్కపెట్టారు. అంతకుముందు ముప్ఫై ఏళ్ళూ జనం మైక్రోస్కోపులో చూస్తూనే ఉన్నారు మరి.

1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ ఒకరకం రక్త కేన్సర్ (సీఎంఎల్) రోగుల్లో ఓ బుల్లి క్రోమోజోముని పట్టుకున్నారు. ముక్క ఊడిపోయింది అనుకున్నారంతా. జానెట్ రౌలీ ఫొటోల్ని కత్తిరించి ఇంట్లో భోజనాల బల్ల మీద పేర్చుకుంటూ కూర్చుని, ముక్క ఎక్కడికీ పోలేదు, 9కీ 22కీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం జరిగిందని 1973లో తేల్చింది. ఆ అతుకు దగ్గర పుట్టిన ప్రోటీన్‌ని అడ్డుకునే ఇమాటినిబ్‌కి 2001లో అమెరికాలో అనుమతొచ్చింది.

అయితే మైక్రోస్కోపు పద్ధతికి విభజన చెందుతున్న కణాలు కావాలి. మరీ చిన్న తేడాలు దానికి ఆనవు. 1980ల్లో వచ్చిన ఫిష్ (చేపలతో సంబంధం లేదు లెండి) ఈ రెంటినీ దాటింది. మెరిసే రంగు తగిలించిన డీఎన్ఏ ముక్కని వదిలితే అది తన జోడీకి వెళ్ళి అతుక్కుంటుంది. విభజన అక్కర్లేదు, వందల కణాలు లెక్కపెట్టొచ్చు. మామూలు పరీక్షలో మామూలుగానే కనిపించిన కొందరు సీఎంఎల్ రోగుల్లో అతుకుని పట్టించింది ఇదే.

మన భాషలో చెప్పాలంటే ఇది గ్రెప్. ఇచ్చిన ప్యాటర్న్ తప్ప ఇంకేదీ వెతకదు. గర్భస్థ శిశువుకి చేసే త్వరిత ఫిష్‌లో సాధారణంగా చూసేది 13, 18, 21, ఎక్స్, వై. 'నార్మల్' అని వస్తే ఆ అయిదింటి లెక్క సరిపోయిందని మాత్రమే. మిగతావాటి గురించి అది నోరు మెదపలేదు, ఆ ఒక్క మాటతో ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నా సరే.

ఆ తర్వాత మొత్తం జీనోమ్‌ని ఒకేసారి చూసే మైక్రోఅరే వచ్చింది. ఎదుగుదల లోపాలూ, ఆటిజమూ ఉన్న పిల్లల్లో పాత పద్ధతి 3 శాతం మందికి కారణం చూపిస్తే, ఇది 15–20 శాతం మందికి చూపిస్తుందని 2010లో నిపుణులు దీన్నే మొదటి పరీక్షగా చెయ్యమన్నారు. కానీ ఇది కొలిచేది పరిమాణం. ఓ ఫైల్లో కోడు తీసి ఇంకో ఫైల్లో పెడితే మొత్తం లైన్ల లెక్క మారదు కదా? అందుకే నోవెల్ మామూలు మైక్రోస్కోపులో చూసిన ఆ క్రోమోజోముని ఇంత ఖరీదైన అరే సాధారణంగా పట్టలేదు!

దానికి ఇంకో తలనొప్పి, అర్థం తెలియని తేడాలు. ఓ ముక్క ఎక్కువుందని తేలుతుంది, జబ్బుకి అదే కారణమో కాదో తేలదు. అప్పుడు అమ్మానాన్నల రక్తం కూడా తెప్పిస్తారు. ఆరోగ్యంగా ఉన్న నాన్నలోనూ అదే ముక్క కనిపిస్తే కాస్త ఊరట. ఇద్దరిలోనూ లేకపోతే, డాక్టరు గారి ముందు మళ్ళీ కూర్చోవాలి.