పొడుపు, విడుపు

ధర్మపురి అనగానే తెలుగువాళ్ళకు గోదావరి ఒడ్డున నరసింహస్వామి గుడి మెదులుతుంది. నేను చెప్పబోయే ధర్మపురి వేరు. తమిళనాడులో కృష్ణగిరి దాటి సేలం వైపు పోతుంటే వస్తుంది. 1965 దాకా సేలం జిల్లాలోనే ఉండేది. మా పెద్దమ్మ కాపురానికి వెళ్ళిన ఊరది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పెన్నాగరం మీదుగా కావేరి గట్టుకు పోతే కన్నడం కూడా చెవిన పడుతుంది.

వేసవి రాత్రుల్లో భోజనాలయ్యాక ఆ ఇంటి మిద్దెమీద పిల్లలు సినిమా పేర్ల ఆట ఆడతారు. నోరు మెదపకూడదు. సైగలతో పేరు చెప్పాలి, సొంత జట్టువాళ్ళు కనుక్కోవాలి. చెవి పక్కన చెయ్యి గుండ్రంగా తిప్పితే సినిమా. చేత్తో తిప్పే కెమెరాను ఆ పిల్లల్లో ఒక్కరూ చూసి ఉండరు. యంత్రం పోయింది, సైగ మిగిలింది. గాలిలో చదరం గీస్తే టీవీ కార్యక్రమం. నోటి దగ్గరినుంచి చెయ్యి ముందుకు సాచితే పాట. వేళ్ళెన్ని చూపిస్తే పేరులో అన్ని మాటలు.

మొన్న ఎండాకాలం పెద్దమ్మ మనవడు సినిమా సైగ చేసి, ఒక్క వేలు చూపించి, ఆ వేలితోనే కిందికి చూపించాడు. "నేల", "మన్ను", "మిద్దె", "భూమి" అని అరుపులు. వాడు తల అడ్డంగా ఊపుతూ అదే చోట వేలితో ఇంకా గట్టిగా పొడుస్తున్నాడు. చాలాసేపటికి ఎవరికో వెలిగింది. ధర్మపురి! 2006లో విజయకాంత్ కథానాయకుడుగా వచ్చిన తమిళ సినిమా పేరది. ఊళ్ళో కూర్చుని ఆ ఊరిపేరే తట్టక అంతసేపు కొట్టుకున్నారు. పెద్దమ్మ మురిసిపోయి, "భలే పొడుపు పొడిచావు రా" అంది. పక్కింటి పిల్ల మాత్రం తమిళంలో, ఈ విడుకదై నేనే ముందు కనిపెట్టానంది.

ఆ రెండు మాటలూ పక్కపక్కన పడేసరికి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మనం పొడుపుకథ అంటాం, తమిళులు విడుకదై అంటారు. రెండింటిలోనూ కథ ఉంది. కథకు ముందున్న క్రియ వేరు. తెలుగువాడు అడిగేవాడి చేతిని చూసి పేరు పెట్టాడు. పొడవడమంటే గుచ్చడం. కోడి పొడుస్తుంది, ఎద్దు కొమ్ముతో పొడుస్తుంది, పచ్చబొట్టు పొడిపించుకుంటాం. ప్రశ్న అడిగినవాడు ముల్లులాంటిదేదో ఎదుటివాడి బుర్రలో గుచ్చి ఊరుకుంటాడు. తమిళుడేమో జవాబు చెప్పేవాడి చేతిని చూశాడు. విడు అంటే వదులు, విముక్తం చెయ్యి. చిక్కుబడి ఉన్నదాన్ని విడిపించాల్సిన కథ విడుకదై. ఒకే ఆటకు ఒక భాష మొదటి క్షణం పేరు పెడితే, పక్క భాష చివరి క్షణం పేరు పెట్టింది. ఇద్దరూ ఒకే మిద్దెమీద కూర్చునే ఊళ్ళో తప్ప ఈ ఆట పూర్తిపేరు వినపడదు.

పొడుచు అన్న క్రియకు మనకు ఇంకో అర్థముంది. పొద్దు పొడుస్తుంది, వేగుచుక్క పొడుస్తుంది. ఆ పిల్లలకు ఊరిపేరు తట్టినప్పటి ముఖాలు చూశాక, పొడుపుకథలోని పొడుపు ఈ పొడుపు కూడా అయితే ఎంత బాగుండునో అనిపించింది. ఇది వ్యుత్పత్తి కాదని తెలుసు, నా ముచ్చట మాత్రమే.

విడు అన్న ధాతువు తెలుగులో తక్కువదేం కాదు. 1961లో బరో, ఎమెనో అచ్చువేయించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తెరిస్తే, ఒక్క విడు చుట్టూ దక్షిణాది భాషలన్నీ గుమిగూడి కనిపిస్తాయి. మనకు విడుదల, విడాకులు, వీడుకోలు. పెళ్ళివారు బస చేసే విడిదిని, పట్నానికి పాత కావ్యాల్లో ఉన్న వీడు అన్న మాటను కూడా ఈ వరుసలోనే చూస్తారు. తమిళంలో వీడు అంటే ఇల్లు, మోక్షం కూడా. సెలవు విడుముఱై. జవాబు విడై. ఆ విడైకే వెళ్ళడానికి తీసుకునే సెలవు అన్న అర్థమూ ఉంది. సమాధానానికీ వీడుకోలుకూ ఒకే మాట ఉండటం నాకు ఎప్పటికీ పాతబడదు.

విడుపు అన్న నామవాచకం మాత్రం మనం కొన్నిచోట్లే వాడతాం. గ్రహణానికి పట్టు, విడుపు. తగాదాలో పట్టువిడుపులు. ఇంకోటి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఆటవిడుపు. చదువునుంచి, పనినుంచి ఆటకోసం దొరికే విడుదల. పొడుపుకథ పేరులో తెలుగు వదిలేసుకున్న విడుపు అక్కడ దొరుకుతుంది.

ఇంగ్లీషువాళ్ళ ఆటపేరు సంగతి మరీ విచిత్రం. మన పిల్లలు డంషరాస్ అనే డంబ్ షరాడ్స్‌లోని షరాడ్ ఫ్రెంచిమాట. ఫ్రాన్సు దక్షిణాదిన మాట్లాడే ఆక్సితాన్ భాషలో కబుర్లు చెప్పుకోవడం అన్న అర్థమున్న మాటనుంచి వచ్చిందంటారు. నోరు మూసుకుని ఆడే ఆటకు కబుర్లని పేరు! 18వ శతాబ్దంలో అది మూగాట కాదు. మాటను ముక్కలు చేసి, నా మొదటి ముక్క ఫలానా, రెండో ముక్క ఫలానా, మొత్తం నేనెవర్ని అని అడిగేవారు. అంటే మన పొడుపు పద్యానికి చుట్టం. నటించి చూపడం తర్వాత వచ్చింది. మనకు సైగకు ఇంకో మాట సన్న, సంజ్ఞకు వికృతి. కనుసన్న అంటాం కదా. మూగ ఆటకు పేరు పెట్టమని నన్నడిగితే సన్నాట అంటాను.

ధర్మపురి మిద్దెమీద ఒంగోలు, వరంగల్ పిల్లలకు లేని చిక్కొకటుంది. ఒకే సినిమాకు రెండు పేర్లు. మణిరత్నం 1989లో తెలుగులో తీసిన గీతాంజలి తమిళంలోకి ఇదయత్తై తిరుడాదే అని వెళ్ళింది, హృదయాన్ని దొంగిలించకని అర్థం. కాబట్టి ఒక వేలు చూపాలా, రెండు వేళ్ళా అని తగాదా. తమిళంలో 1988లో వచ్చిన అగ్ని నక్షత్రం మనకు ఘర్షణ. తెలుగు బడికి పోయిన మా అక్క కూతురు రెండు అరచేతులూ రుద్దింది. తమిళ బడి పిల్ల అదే సినిమాకు నుదుటి చెమట తుడుచుకుంది. నిప్పూ చుక్కా చూపించదేమని నేనడిగాను. తమిళనాట అగ్ని నక్షత్రం అంటే మే నెలలో ఎండ మండిపోయే రోజులట. మన రోహిణి ఎండలకు కాస్త ముందు. పేరు తెలిస్తే చాలదు, ఆ పేరు మోసే ఎండ కూడా తెలియాలి.

ఆ ఇంటికే సొంతమైన సైగలు కొన్ని ఉన్నాయి. పాట సైగ చేసి పడమటివైపు చెయ్యి చాపితే రోజా సినిమాలో కథానాయిక పాడే పాట. 1992లో వచ్చిన ఆ సినిమాలో ఆ పాట కొంత హొగెనక్కల్ దగ్గర తీశారు. హొగె అంటే కన్నడంలో పొగ, కల్లు అంటే రాయి. తుంపర పొగలా లేచే రాయి. ఆ జలపాతం పేరే ఒక పొడుపుకథ.

సైగలు విసుగు పుడితే అంత్యాక్షరి. వాత్స్యాయనుడి అరవైనాలుగు కళల్లో ప్రహేళిక పక్కనే ప్రతిమాల ఉంటుంది. ప్రతిమాలంటే అంత్యాక్షరేనని వ్యాఖ్యాత చెప్పాడు. మన అలంకారికులు ముక్తపదగ్రస్తం అంటారు: విడిచిన పదాన్ని పట్టుకోవడం. తమిళులకు అంతాది, ఒక పద్యం అంతం ఇంకోదానికి ఆది. గ్రస్తమంటే రాహువు నోట పడ్డ చంద్రుడికి వాడే మాట. ఒకరు విడిచింది ఇంకొకరు మింగాలి. ఇక్కడా పట్టూ విడుపే.

మిద్దెమీద మాత్రం ఇదంత సాఫీగా సాగదు. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి, కాబట్టి మన పాట లు, ను, రా, వే దగ్గర ఆగుతుంది, గుణింతం పట్టించుకోకుండా ఆ హల్లు అందుకుంటాం. తమిళ పాట మ్ దగ్గరో న్ దగ్గరో పొల్లుగా ఆగుతుంది. ళ వస్తే ఇద్దరికీ దారి మూసుకుపోతుంది. ళతో మొదలయ్యే మాట మనకూ లేదు, వాళ్ళకూ లేదు. ళకు ల చాలని ఆ ఇంట్లో ఒప్పందం. సన్ టీవీలో అబ్దుల్ హమీద్ నడిపిన పాట్టుక్కు పాట్టు చూసి పెరిగిన మా వదిన ఆ ఒప్పందానికి న్యాయాధికారి.

అత్తగారిని పెద్దమ్మ అవ్వా అని పిలుస్తుంది. ఇంటికి అధియమాన్ కోట దగ్గరే. సంగం కాలపు రాజు అధియమాన్, దొరక్క దొరికిన ఉసిరికాయ తాను తినకుండా కవయిత్రి ఔవైకి ఇచ్చాడని పురనానూరు చెబుతుంది. ఔవై, అవ్వ ఒకే మాట. ఔవైయార్ పేరుతో తర్వాతి కాలంలోనూ కవయిత్రులున్నారు. ఆ పేరు చుట్టూ అల్లుకున్న కథల్లో నేరేడుచెట్టు కథను పెద్దమ్మ అత్తగారు చెప్పగా విన్నాను. చెట్టెక్కిన పశుల కాపరి పిల్లాడు అడిగాడట, అవ్వా, కాల్చిన పండు కావాలా, కాల్చని పండు కావాలా అని. పండును కాల్చడమేమిట్రా అనుకుని, కాల్చిందే ఇవ్వమంది. వాడు కొమ్మ ఊపాడు. పళ్ళు ఇసుకలో పడ్డాయి. ఆమె తీసి ఇసుక పోవడానికి ఉఫ్ అని ఊదింది. ఏమవ్వా, అంత కాలుతోందా అన్నాడు పిల్లాడు. ఆ పిల్లాడు మురుగన్.

కథ చెప్పి ఆవిడ ఏమీ వివరించలేదు. కాసేపు పిల్లలు మాట్లాడలేదు. ఎవరో చిన్నగా ఊదారు, అప్పుడందరూ నవ్వారు. ఆ ఊదడమే విడుపు. జవాబు ఆమె నోటిమాటగా రాలేదు, ఊపిరిగా వచ్చింది. నాకు తెలిసినంతలో విడుకదై అన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

మర్నాడు పొద్దున బస్టాండుకు మనవడు సాగనంపడానికి వచ్చాడు. కిటికీ అద్దం తెరుచుకోలేదు. బస్సు కదులుతుంటే వాడు చెవి పక్కన చెయ్యి తిప్పాడు, తర్వాత చేతిని పైకీ కిందికీ ఊపుతూ పక్కకు జరిపాడు. టాటా చెబుతున్నాడనుకుని నేనూ ఊపాను. వాడు తల అడ్డంగా ఆడించి మళ్ళీ అదే ఊపు ఊపాడు. బస్సు మలుపు తిరిగింది. కృష్ణగిరి వచ్చేసరికి తెలిసింది. అల. 2000లో వచ్చిన అలైపాయుదే, మన సఖి.