గుగ్గిలం నుంచి రెజిన్ దాకా

కోరంగి అనగానే మనవాళ్ళకు 1839 నవంబరు ఉప్పెన గుర్తొస్తుంది. అంతకుముందు అది ఓడలు కట్టి, బాగుచేసిన రేవన్న సంగతి అంతగా తలచుకోం. ఆ పనితనం పక్కనున్న తాళ్ళరేవు వడ్రంగుల చేతుల్లో మిగిలింది. పలకల సందుల్లో నూలు కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూసేవారు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో పడవలకు వాడటం మొదలైన ఫైబర్ గ్లాసు, మన తీరంలో బాగా వ్యాపించింది 2004 డిసెంబరు 26 సునామీ తర్వాతే. ఇప్పుడు ఉప్పాడ ఒడ్డున ఫైబర్ తెప్పలు బారులు తీరి కనిపిస్తాయి.

పాత చెక్క పడవకు కూడా ఇంటి పాకలోనే ఈ పొర వేయవచ్చు. బోర్లించి, గుగ్గిలమంతా గీకి, గాజు మ్యాట్ పరిచి, రెజిన్‌తో తడిపి, రోలరుతో గాలి బుడగలు నొక్కేయాలి. గట్టిపరిచే ద్రవం నూటికి ఒకటి రెండు పాళ్ళు చాలు; మన ఎండలకు నిమిషాల్లో బిగుసుకుంటుంది. దాన్ని కోబాల్టుతో నేరుగా కలిపితే మాత్రం పేలుతుంది! అసలు చిక్కు చెక్కలోని తడి. సరిగా ఆరని పలకను మూసేస్తే పైన మెరుస్తూనే లోపల కుళ్ళుతుంది. గుగ్గిలం ఊడితే పడవ కారి చెప్పేది, ఇది చెప్పదు.

ఇంజనీరుగా నా ఓటు ఫైబరుకే. తేలిక, నీరు పీల్చదు, పురుగు పట్టదు. కానీ అచ్చులో పోసే పడవకు, వంపును కంటితో తేల్చే వడ్రంగి అక్కర్లేదు. ఆ కొలతలు తెలిసిన పెద్దలు ఉండగానే తాళ్ళరేవు వైపు మన పూర్వ విద్యార్థులెవరైనా వాటిని రాసిపెట్టగలరా?