ముస్తఫా డబ్బా, మా షట్టరింగ్ అన్న

ఎపిసోడ్ విన్న అన్నదమ్ములు చాలామంది అడిగారు, "ఆ ముస్తఫా డబ్బా నిజంగనే చేసినవా?" అని. చేసిన. రికార్డింగ్‌లో టైమ్ సరిపోక సగమే చెప్పిన, మిగతాది ఇక్కడ రాస్తున్నా.

కరీంనగర్‌లో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివే రోజుల్లో క్లాసు ఎగ్గొట్టి వీడియో గేమ్ షాపుకు పోయేవాళ్ళం. రూపాయి ఇస్తే ఒక ఆట. అందరికీ కావాల్సింది ముస్తఫాయే. పరిగెత్తుకొచ్చి ఎగిరి తన్నేవాడు గుర్తున్నాడా? ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ తెచ్చింది. ఆ పేరు మనలో ఎవరికీ తెలియదు. ముస్తఫా ఇంటిపేరు కైరో. మా ఈజిప్ట్ ఫోర్‌మన్‌కి ఈ మాట చెప్తే నేను కల్పించానన్నాడు.

అప్పట్లో నాకు ఒకటి అర్థమయ్యేది కాదు. డబ్బా పక్కన ఏదో విమానాల బొమ్మ ఉండేది, తెర మీద మాత్రం ముస్తఫా. ఇన్నేళ్ళకు జవాబు దొరికింది. 1985లో జపాన్ ఆట మెషీన్ల కంపెనీల సంఘం జమ్మా అనే వైరింగ్ పద్ధతి తెచ్చింది. 56 పిన్నుల కనెక్టర్ ఒక్కటే. ఏ పిన్నుకు కరెంటు, ఏ పిన్నుకు బటన్, ఏ పిన్నుకు నాణెం స్విచ్ అన్నీ ఫిక్స్. అంతకుముందు ఆట మార్చాలంటే లోపలి వైరింగ్ అంతా పీకి మళ్ళీ చెయ్యాలి. జమ్మా వచ్చాక పాత బోర్డు తీసి కొత్తది గుచ్చితే చాలు, డబ్బా అదే. మన చిన్న ఊళ్ళదాకా ఈ ఆటలు వచ్చాయంటే అందులో ఆ కనెక్టర్ పుణ్యం చాలా ఉందని నా లెక్క.

ఇంకా వెనక్కి పోదాం. 1971లో అమెరికాలో కంప్యూటర్ స్పేస్ అనే మెషీన్ ఫైబర్‌గ్లాస్ డబ్బాలో వచ్చింది. వంపులు తిరిగి చూడముచ్చటగా ఉంటుంది, కానీ జనానికి ఆ ఆట అంతుపట్టలేదు. మరుసటి ఏడు అటారీ ఇంజనీర్ అలన్ ఆల్కార్న్ 75 డాలర్లకు ఒక బ్లాక్ అండ్ వైట్ టీవీ కొని, నాలుగడుగుల చెక్క డబ్బాలో బిగించాడు. అదే పాంగ్. కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊళ్ళో ఒక బార్‌లో పెట్టారు. కొన్నాళ్ళకే మెషీన్ ఆగిపోయిందని కబురొచ్చింది. పోయి తెరిచి చూస్తే చిల్లర నిండిపోయి ఇరుక్కుంది, అంతే.

ఈ కథ అందరూ చెప్తారు. నాకు దాని తర్వాతి సంగతి ఎక్కువ నచ్చింది. ఆర్డర్లు వచ్చాయి, మనుషులు లేరు. ఉద్యోగాల ఆఫీసు నుంచి దొరికినవాళ్ళను తెచ్చి లైన్‌లో నిలబెట్టారు. మొదట్లో రోజుకు పది మెషీన్లే అయ్యేవి, వాటిలోనూ చాలా టెస్ట్‌లో ఫెయిల్. కొత్త బ్యాచ్‌ని దించి మొదటి వారమే స్లాబ్ అడిగే సైట్లు చూసినవాడిని, ఆ పది ఎందుకో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చరిత్రలో ఆల్కార్న్ పేరుంది, బార్ పేరు కూడా ఉంది. ఆ డబ్బాలు బిగించినోళ్ళు మాత్రం 'వర్కర్లు'.

ఇక మా డబ్బా. సోనాపూర్ క్యాంప్‌లో మా రూమ్‌లోనే ఉండే షట్టరింగ్ కార్పెంటర్ అన్నది జగిత్యాల దగ్గర పల్లె. నాకంటే పదేళ్ళు పెద్ద. పారేసే ప్లై కోసం ఇంజనీర్‌తో గేట్‌పాస్ రాయించుకున్నా (అది లేకుండా సైట్ నుంచి మేకు కూడా తేవద్దు తమ్ముళ్ళూ). 18 ఎం.ఎం. ప్లై, నాలుగైదు స్లాబులు చూసింది. కాంక్రీట్ గీకి, మేకులు పీకి, ఉబ్బిన అంచులు కోసేసరికి రెండు సెలవు రోజులు పోయాయి.

స్క్రీన్ వెనక్కి వాలాలంటే అన్నకు నచ్చలేదు. "ఇరవై ఏండ్ల సంది గుండు ఏసి నిలబెట్టుడు నేర్సుకుంటి, ఇప్పుడు వాలుగ పెట్టమంటవా?" అన్నాడు. నిలబడి ఆడేవాడి చూపు కిందికి ఉంటుంది, తెర ఆ చూపుకు ఎదురుగా ఉండాలని చూపించా. పైన ట్యూబ్‌లైట్ తెరలో మెరవకుండా ముందుకు ఒక సజ్జ. సజ్జ అనగానే ఒప్పుకున్నాడు. బటన్లకు 30 ఎం.ఎం. రంధ్రాలు ఆయనవే. వైరింగ్ నాది: ప్రతి బటన్ కింద మైక్రోస్విచ్, అన్నిటి ఒక కాలు కలిపి ఒకే గ్రౌండ్ వైరు, రెండో కాలు విడివిడిగా యూఎస్‌బీ బోర్డుకు. లోపల పాత కంప్యూటర్.

ఒక నిరాశ ఉంది. 2018లో క్యాప్‌కామ్ తన పాత కొట్లాట ఆటలు ఏడు కలిపి అమ్మకానికి పెట్టింది. అది కొన్నా, అందులో ముస్తఫా లేదు. ఫైనల్ ఫైట్ ఉంది, అదే ఆడుతున్నాం. అయినా క్యాంపంతా దీన్ని ముస్తఫా డబ్బా అనే అంటుంది.

ఒక రాత్రి గరుకు కాగితం రుద్దుతూ అన్న అన్నాడు: "ఎన్ని స్లాబులకు కొట్టిననో లెక్కలేదు. కాంక్రీట్ గట్టిపడంగనే నా పని పీకి పారేస్తరు. నేను చేసింది నిలవడ్డది ఇదొక్కటే." డీషట్టరింగ్ షీట్ మీద సంతకం పెట్టేది నేనే. ఏం మాట్లాడాలో తోచలేదు, వైర్లు సర్దుకుంటూ కూర్చున్నా.

పోయిన నెల అన్న క్యాన్సిల్ చేసుకొని ఇంటికి పోయాడు. క్యాంప్ బాస్ ఒప్పుకుంటే డబ్బా టీవీ రూమ్‌లో పెట్టాం. బయటంతా నల్ల రంగు. వెనక తలుపు లోపల మాత్రం అన్న పెన్సిల్‌తో రాసుకున్న కొలతలు అలాగే ఉన్నాయి. మొన్న ఒక బటన్ ఇరుక్కుంటే తలుపు తీసి, వాటిని ఫోటో కొట్టి పంపా. "రెండోది తప్పు కొలత, రుద్దెయ్యి" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు.

రుద్దలేదు.